పట్టీలు పడని ద్విపట్టకం: నల్లగొండ జిల్లా డిగ్రీ ల్యాబ్‌లో సంబద్ధ జనకాల కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల భౌతికశాస్త్ర ల్యాబ్‌లో ఫ్రెనెల్ ద్విపట్టకం ప్రయోగం చాలాకాలంగా రికార్డు పుస్తకాల్లోనే నడుస్తోంది. ద్విపట్టకం అనే పలుచని గాజు పట్టకం ఒకే చీలిక కాంతిని, రెండు జనకాల (మిథ్యా జనకాల) నుంచి వస్తున్నట్టుగా విడదీస్తుంది. ఒకే చోట పుట్టినవి కనుక వాటి మధ్య దశ నిలకడగా ఉంటుంది, అంటే అవి సంబద్ధ జనకాలు. ఆ కాంతి కలిసిన చోట వెలుగు, చీకటి గీతలు (వ్యతికరణ పట్టీలు) పడాలి, వాటి వెడల్పు నుంచి తరంగదైర్ఘ్యం లెక్కగట్టాలి. సామాను అంతా ఉంది. మీటరున్నర ఆప్టికల్ బెంచ్, సోడియం వేపర్ ల్యాంప్, స్క్రూతో తెరిచే చీలిక, ద్విపట్టకం, మైక్రోమీటర్ బిగించిన అక్షికటకం, 15 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకం. వచ్చిన ప్రతి బ్యాచ్ చెప్పేది మాత్రం ఒకటే: "పసుపు కనిపిస్తుంది సార్, గీతలే కనిపిస్తలేవు." పాత రీడింగులు సీనియర్ల నుంచి జూనియర్లకు దిగుతూ వచ్చాయి.

ఈ లోపల ల్యాంప్ రెండుసార్లు, ద్విపట్టకం ఒకసారి మార్చారు. ఫలితం లేదు. ఏప్రిల్, మే నెలల ఎండ వేడికి బెంచ్ సాగి అమరిక చెడుతోందన్న వాదన కూడా వచ్చింది. దాన్ని లెక్కతోనే పక్కన పెట్టవచ్చు. ఉక్కు స్కేలు 80 సెం.మీ. పొడవున, 20 డిగ్రీల తేడాకు, సాగేది 0.18 మి.మీ. మాత్రమే. అంటే దూరంలో 0.02 శాతం. దానివల్ల పట్టీలు మాయం కావు.

దీపం మీద నేరం నిలవలేదు

అసలు ఆధారం పక్క బల్ల మీదే ఉంది. అదే సోడియం ల్యాంప్‌ను అక్కడికి జరిపితే న్యూటన్ వలయాలు (కటకానికీ గాజు పలకకూ నడుమ గాలి పొర వల్ల పడే వ్యతికరణ వలయాలు) చక్కగా, నల్లగా కనిపిస్తున్నాయి. దీపం కాంతి వ్యతికరణానికి పనికిరానిదైతే అక్కడా వలయాలు పడకూడదు.

సోడియం కాంతి నిజానికి రెండు గీతలు: 589.0, 589.6 నానోమీటర్లు. పథభేదం (కలిసే రెండు కిరణాలు నడిచిన దూరాల తేడా) పెరిగేకొద్దీ ఈ రెంటి పట్టీలు ఒకదానికొకటి తప్పిపోయి, దాదాపు 0.29 మి.మీ. దగ్గర, అంటే సుమారు 490 తరంగదైర్ఘ్యాల దగ్గర, మొదటిసారి చెరిగిపోతాయి. 1862లో ఫిజో న్యూటన్ వలయాలతోనే ఈ చెరగడాన్నీ, మళ్లీ తేలడాన్నీ గమనించాడు. ద్విపట్టకంలో మనకు కావలసింది ఎంత? ఈ అమరికలో అక్షికటకంలో పడేవి దాదాపు 12 పట్టీలు. మధ్య పట్టీ నుంచి చివరిదాకా పథభేదం 6 తరంగదైర్ఘ్యాలు, అంటే మూడున్నర మైక్రాన్లు. సోడియం దీపం ఇచ్చే కాల సంబద్ధతలో, అంటే పట్టీలు చెరగకుండా ఓర్చుకోగల పథభేదంలో, ఇది ఏ మూలకూ రాదు. ల్యాంప్ మార్చడం మొదటినుంచీ అనవసరపు ఖర్చు.

అయితే ఒక హెచ్చరిక. ల్యాబ్‌లకు ఇచ్చే సోడియం ల్యాంప్ తక్కువ పీడనం రకం. వీధి దీపాల్లో వాడే అధిక పీడన సోడియం బల్బు చవకగా దొరుకుతుందని దాన్ని బిగిస్తే, గీతలు వెడల్పై, వాటి నడిమి భాగాన్ని ఆవిరే పీల్చేసుకుని, 589.3 అన్న సగటు విలువకే అర్థం పోతుంది. సరైన ల్యాంప్ అయినా వేసిన వెంటనే గులాబీ ఎరుపులో ఉంటుంది. అది మొదట అంటుకునే నియాన్ కాంతి. పూర్తిగా పసుపుకు మారడానికి పది నిమిషాలైనా ఆగాలి. వోల్టేజి పడిపోయే వేళల్లో ఇంకా ఆలస్యం అవుతుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ పసుపు నిలబడేదాకా రీడింగు ముట్టుకోకూడదు.

మరి వలయాలు పడి, ద్విపట్టకం పట్టీలు ఎందుకు పడలేదు? న్యూటన్ వలయాల్లో కంపన పరిమితి (ఆంప్లిట్యూడ్) చీలుతుంది. దీపంలోని ప్రతి బిందువు నుంచి వచ్చిన కిరణం తనలో తానే రెండుగా విడిపోయి, పలుచని గాలి పొర దగ్గరే కలుస్తుంది. దీపం ఎంత వెడల్పున్నా ఫరవాలేదు. ద్విపట్టకంలో చీలేది తరంగాగ్రం, అంటే తరంగంలో ఒక పక్క భాగం ఒక సగం గుండా, రెండో పక్క భాగం రెండో సగం గుండా పోతాయి. ఇక్కడ జనకం ఎంత వెడల్పుందన్నదే ప్రశ్న. ఒకే దీపంతో ఒక ప్రయోగం పలికి, ఇంకొకటి పలకకపోతే అనుమానం నేరుగా చీలిక మీదికి పోవాలి.

చీలిక ఎంత సన్నగా ఉండాలి

రెండు వేర్వేరు దీపాలు పెడితే పట్టీలు పడవని విద్యార్థులకు కంఠతా వచ్చు. సోడియం పరమాణువు ఉత్తేజిత స్థితిలో ఉండేది సగటున 16 నానోసెకన్లు. రెండు దీపాల మధ్య దశాభేదం ఆ పాటి వ్యవధి కూడా నిలకడగా ఉండదు, పట్టీల చోటు మారిపోతూనే ఉంటుంది, కంటికి సగటు వెలుగే మిగులుతుంది. (రెండు వేర్వేరు లేజర్ల నుంచి క్షణకాలం నిలిచే పట్టీలను 1963లో మాగ్యార్, మాండెల్ పట్టి చూపారు. కనుక "ఎప్పుడూ పడవు" అనడం కన్నా "కంటికి నిలవవు" అని చెప్పడం సరైనది.) తరగతిలో చెప్పకుండా జారిపోయేది దాని తర్వాతి మాట: వెడల్పున్న చీలిక కూడా పక్కపక్కన నిలబెట్టిన అనేక వేర్వేరు దీపాలే. చీలికలో కుడి అంచున వెలిగే కాంతికీ ఎడమ అంచున వెలిగే కాంతికీ ఏ పొత్తూ లేదు. ఒక్కో గీత తన పట్టీలను తాను వేస్తుంది. ఆ పట్టీల గుంపులన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే మనకు కనిపిస్తాయి.

ఇక్కడి కొలతలు ఇవి. చీలిక నుంచి ద్విపట్టకానికి 10 సెం.మీ., ద్విపట్టకం నుంచి అక్షికటకానికి 70 సెం.మీ. ద్విపట్టకం అంచు కోణం అర డిగ్రీ, వక్రీభవన గుణకం 1.52. ఈ లెక్కన రెండు మిథ్యా జనకాల మధ్య దూరం 0.908 మి.మీ., పట్టీ వెడల్పు 0.52 మి.మీ. చీలికలో ఒక గీతకు 0.01 మి.మీ. పక్కనున్న మరో గీత తన పట్టీలను 0.07 మి.మీ. ఎదురు దిశలో జరిపేస్తుంది, ఎందుకంటే ద్విపట్టకం అవతలి దూరం ఇవతలి దూరానికి ఏడు రెట్లు. చీలిక వెడల్పు 0.074 మి.మీ. చేరేసరికి ఈ జరుగుడు సరిగ్గా ఒక పట్టీ వెడల్పవుతుంది. ఒకరి వెలుగు మీద ఇంకొకరి చీకటి పడి మొత్తం ఏకరంగు పసుపు. ఆ మాత్రం చాలు, ప్రయోగం చచ్చిపోవడానికి. చీలిక అందులో మూడో వంతు, అంటే 0.025 మి.మీ. దగ్గర ఉంటే పట్టీల స్పష్టత నూటికి 80 పైనే ఉంటుంది. ఇంకో సంగతి: ద్విపట్టకాన్ని చీలికకు దగ్గరగా జరిపినా ఈ హద్దు పెద్దగా మారదు. దగ్గరికి జరిపితే మిథ్యా జనకాల మధ్య దూరం కూడా తగ్గి, రెండూ చెల్లుకు చెల్లవుతాయి.

ల్యాబ్‌లోని చీలిక వెడల్పు ఎంతో ఎవరికీ తెలియదు. స్క్రూ తల సున్నా చూపిస్తోంది, అంచులు మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు. ఎన్నో ఏళ్లుగా గట్టిగా బిగించడం వల్ల సున్నా కదిలిపోయింది. కొలవడానికి వేరే పరికరం అక్కరలేదు. ఒక ఎర్రటి లేజర్ పాయింటర్‌ను చీలిక గుండా పంపి, 2 మీటర్ల దూరంలో గోడ మీద కాగితం అంటించి, వివర్తన పట్టీలో (సన్నని సందు దాటిన కాంతి పరుచుకుని వేసే పట్టీలో) నడుమ ఉన్న వెలుగు భాగం మొత్తం వెడల్పు కొలవాలి. లేజర్ తరంగదైర్ఘ్యాన్ని (650 నానోమీటర్లు) గోడ దూరంతో గుణించి, ఆ వెడల్పులో సగంతో భాగిస్తే చీలిక వెడల్పు వస్తుంది. గోడ మీద వెలుగు 17 మి.మీ. వచ్చింది. అంటే చీలిక 0.153 మి.మీ. ఉంది. హద్దుకు రెండింతలు.

దీనికి కారణం నిర్లక్ష్యమని అనుకోవడం తప్పు. చీలికను సన్నం చేస్తే వెలుగు కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. 0.15 నుంచి 0.025కు వస్తే ఆరో వంతే మిగులుతుంది. పడమటి కిటికీల సందుల నుంచి మధ్యాహ్నపు వెలుతురు పడే గదిలో ఆ మసక కంటికి ఆనదు. ఏమీ కనిపించడం లేదని విద్యార్థి చీలిక తెరుస్తాడు. వెలుగు వస్తుంది, పట్టీలు పోతాయి. కాబట్టి చీలిక మూయడానికి ముందు గది మూయాలి. ఇక్కడ కిటికీలకు నల్ల చార్టులు రెండు పొరలు అంటించి, ల్యాంప్ పెట్టె కంతను చీలికకు 3 సెం.మీ. దగ్గరికి జరిపి, కన్ను చీకటికి అలవాటు పడేందుకు ఐదారు నిమిషాలు ఆగాక 0.025 మి.మీ. చీలికతో కూడా పసుపు వెలుగు హాయిగా కనిపించింది.

చీలిక అంచుల్లో దుమ్ము ఉంటే దృశ్యక్షేత్రంలో అడ్డంగా నల్ల చారలు వస్తాయి. అంచులను మెత్తటి చెక్క పుల్ల మీద తేలికగా మూసి, పుల్లను పొడవునా ఒకసారి లాగితే దుమ్ము వచ్చేస్తుంది. సూది, పిన్ను, బ్లేడు పెట్టి గీకకూడదు, అంచు చెడుతుంది. చీలిక పూర్తిగా పాడైతే కొత్తది కొనే ముందు ఒక దారి ఉంది. రెండు షేవింగ్ బ్లేడ్ల పదునైన అంచులను గాజు పలక మీద ఎదురెదురుగా పెట్టి, నడుమ వంటింటి అల్యూమినియం రేకును రెండు మడతలుగా అంచు నిలబెట్టి, బ్లేడ్లను దానికి ఆనించి అతికించి రేకు లాగేస్తే 0.03 మి.మీ. అటూ ఇటూగా చీలిక వస్తుంది. నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల ఏ కిరాణా కొట్టులోనైనా ఈ రెండూ దొరుకుతాయి. ఎంత వచ్చిందో పైన చెప్పిన లేజర్ పద్ధతిలో చూసుకోవాలి. మొదటిసారికే సమాంతరంగా రాదు, మూడు నాలుగు చేస్తే ఒకటి కుదురుతుంది.

ఒక డిగ్రీ వంపు

చీలిక సన్నం చేశాక కూడా పట్టీలు రాలేదు. చాలా ల్యాబ్‌లలో ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది. సన్నం చేయడం వల్ల లాభం లేదని తేల్చేసి మళ్లీ తెరిచేస్తారు. నిజానికి ఇక్కడ రెండు తప్పులు ఒకదాని వెనుక ఒకటి దాక్కున్నాయి. ఒకటి సరిచేస్తే రెండోది ఇంకా అడ్డుగానే ఉంటుంది.

చీలిక ద్విపట్టకం అంచుకు సమాంతరంగా లేకపోతే, చీలిక పైకొన ఒక పక్కకూ కిందికొన ఇంకో పక్కకూ ఉన్నట్టే. పట్టీల దృష్టిలో అది వెడల్పే. 10 మి.మీ. ఎత్తున్న చీలిక ఒక డిగ్రీ వంగితే అడ్డంగా వచ్చే తేడా 0.17 మి.మీ. హద్దు 0.074 అని చూశాం. అర డిగ్రీ వంపు కూడా పట్టీలను దాదాపు తుడిచేస్తుంది. ఒక డిగ్రీ వంపును కంటితో చూసి పట్టుకోవడం కష్టం. చీలికను కొద్దికొద్దిగా వంచి నిలబెట్టే టాంజెంట్ స్క్రూ స్టాండ్ మీద ఉన్నది ఇందుకే. ఇక్కడ ఆ స్క్రూ తుప్పు పట్టి కదలడం మానేసింది. రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె వేస్తే కదిలింది.

స్క్రూను గుడ్డిగా తిప్పుతూ పట్టీల కోసం వెతికితే సరైన చోటును దాటిపోవడమే ఎక్కువ. మెరుగైన పద్ధతి: నల్ల ఇన్సులేషన్ టేపుతో చీలికను పైనా కిందా మూసి ఎత్తు 3 మి.మీ. చేయాలి. అప్పుడు ఒక డిగ్రీ వంపు తెచ్చే తేడా 0.05 మి.మీ.కు పడిపోతుంది. పట్టీలు మసకగా, నూటికి 30 పాటి స్పష్టతతో కనిపిస్తాయి. కనిపించాక స్క్రూను కొంచెం కొంచెం తిప్పుతూ నలుపు బాగా ముదిరే చోట ఆపాలి. ఆ తర్వాత టేపు తీసి, పూర్తి ఎత్తుతో మళ్లీ సవరించాలి. ఈ కేసులో మొదటి పట్టీలు కనిపించింది టేపు వేసిన తర్వాతే. ఈ ప్రయోగంలో చెప్పిచేయించదగ్గ కిటుకు ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి.

కనిపించిన గీతలన్నీ వ్యతికరణ పట్టీలు కావు. ద్విపట్టకం నడిమి అంచు దగ్గర వివర్తనం వల్ల కూడా గీతలు పడతాయి. వాటి వెడల్పులు సమానంగా ఉండవు. మైక్రోమీటర్‌తో వరుసగా నాలుగైదు పట్టీలు కొలిచి, వెడల్పులు సమానంగా వస్తేనే ముందుకు పోవాలి. తర్వాత అక్షికటకాన్ని బెంచ్ మీద వెనక్కి జరిపి చూడాలి. పట్టీలు పక్కకు జరుగుతుంటే చీలికనూ ద్విపట్టకం అంచునూ కలిపే గీత బెంచ్‌కు సమాంతరంగా లేదని అర్థం. ద్విపట్టకం స్టాండ్‌ను అడ్డంగా కదిపి ఆ జరుగుడును చంపాలి. దీన్ని వదిలేస్తే పట్టీలు కనిపిస్తాయి కానీ కొలత తప్పుతుంది.

కొలతలు ఎంతవరకు నమ్మాలి

చీలికను సవరించాక లేజర్ వెలుగు గోడ మీద 100 మి.మీ.కు విస్తరించింది. అంటే 0.026 మి.మీ. పది పట్టీలకు 5.2 మి.మీ. వచ్చింది, పట్టీ వెడల్పు 0.52. మిథ్యా జనకాల దూరం కోసం కుంభాకార కటకాన్ని రెండు స్థానాల్లో నిలిపారు. చీలిక, అక్షికటకం మధ్య దూరం నాభ్యంతరానికి నాలుగింతలకు మించాలి. ఇక్కడ 60కి 80 ఉంది. కటకం చీలిక నుంచి 20 సెం.మీ., 60 సెం.మీ. దగ్గర స్పష్టమైన ప్రతిబింబాలు ఇచ్చింది. వాటి దూరాలు 2.73, 0.30 మి.మీ. రెండింటి లబ్ధానికి వర్గమూలం 0.905. తరంగదైర్ఘ్యం 588 నానోమీటర్లు.

ఒక నానోమీటరు తేడాతో వచ్చిందని సంబరపడే ముందు 0.30 వైపు చూడాలి. మైక్రోమీటర్ కనీసపు కొలత 0.01 మి.మీ. ఆ ఒక్క విలువలోనే మూడు శాతం సందేహం ఉంది. వర్గమూలంలో అది సగమై, తరంగదైర్ఘ్యంలో 10 నానోమీటర్ల దాకా తేలుతుంది. రికార్డులో 588, అటూ ఇటూ 10 అని రాయడం నిజాయితీ. ఎప్పుడూ 589.3కు అతుక్కుని వచ్చే రీడింగులను చూస్తే అనుమానించాలి. చిన్న ప్రతిబింబాల దూరాన్ని కనీసం ఆరుసార్లు, స్క్రూను ఒకే దిశలో తిప్పుతూ కొలిచి సగటు తీసుకుంటే ఆ సందేహం కొంత తగ్గుతుంది.

ఎల్ఈడీ, లేజర్

సోడియం ల్యాంప్ లేని ల్యాబ్‌లూ ఉంటాయి. మూడున్నర మైక్రాన్ల పథభేదమే కావలసిందని తేలాక దారి తెరుచుకుంటుంది. 590 నానోమీటర్ల అంబర్ ఎల్ఈడీ వర్ణపట వెడల్పు 17 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ లెక్కన సంబద్ధ దైర్ఘ్యం 20 మైక్రాన్లు. 12 పట్టీలకు ధారాళంగా సరిపోతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికే 3 వాట్ల ఎల్ఈడీని హీట్‌సింక్ మీద బిగించి చీలిక వెనుక ఆనించి పెడితే పట్టీలు సోడియం పట్టీల్లాగే పడతాయి. చీలిక సరిగా ఉండాలంతే. తెల్ల టార్చితో కూడా నడుమ తెల్ల పట్టీ, పక్కన రంగుల పట్టీలు రెండు మూడు కనిపిస్తాయి. మధ్య పట్టీ ఏదో గుర్తించడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు. అయితే ఎల్ఈడీ తరంగదైర్ఘ్యం ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటుంది. అమరిక నేర్పడానికి వాడాలి గానీ ప్రమాణంగా తీసుకోకూడదు.

లేజర్‌తో చీలిక అక్కరలేదు. 10 రెట్ల మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్ గుండా పంపితే దాని నాభి దగ్గరే బిందు జనకం తయారవుతుంది. అక్కడి నుంచి 10 సెం.మీ. దగ్గర ద్విపట్టకం, మరో 3 మీటర్ల అవతల గోడ. పట్టీ వెడల్పు 2.2 మి.మీ., తరగతి మొత్తం చూడవచ్చు. ఇక్కడ ఇబ్బంది తిరగబడుతుంది. సంబద్ధత ఎక్కువైనందువల్ల ఆబ్జెక్టివ్ మీది ప్రతి దుమ్ము రేణువూ తన వలయాలు తాను వేస్తుంది. గాజు రెండు ముఖాల నుంచి పరావర్తనం చెందిన కాంతి కూడా అక్కరలేని పట్టీలు వేస్తుంది. కాగితం మీద ఇసుక చల్లినట్టు మచ్చలు మెరుస్తాయి. ఆబ్జెక్టివ్‌ను గాలితో ఊది శుభ్రం చేసి, ద్విపట్టకాన్ని ఒక డిగ్రీ పక్కకు తిప్పితే పరావర్తన పట్టీలు దారి తప్పుతాయి. కాగితాన్ని మెల్లగా అటూ ఇటూ ఊపితే మచ్చలు సగటై పోయి అసలు పట్టీలు నిలుస్తాయి.

పాయింటర్ మీద 650 అని రాసి ఉన్నా నమ్మరాదు. డయోడ్ వేడెక్కితే డిగ్రీకి దాదాపు 0.2 నానోమీటర్లు పెరుగుతుంది. జనవరి ఉదయం తీసిన విలువకూ, మే మధ్యాహ్నం 42 డిగ్రీల గదిలో తీసిన విలువకూ నాలుగైదు నానోమీటర్ల తేడా రావచ్చు. ఎండాకాలపు వేడి నిజంగా లెక్కలోకి వచ్చేది బెంచ్ దగ్గర కాదు, ఇక్కడ. అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్‌తో (దగ్గరదగ్గరగా గీతలు గీసిన, కాంతిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి వంచే పలకతో) ఆ రోజే కొలుచుకోవాలి. 650కి మొదటి క్రమం 22.6 డిగ్రీల దగ్గర పడుతుంది. లేజర్ వెలుగుతున్నంతసేపు బెంచ్ మీద అక్షికటకం ఉండకూడదు. దాన్ని తీసి బీరువాలో పెట్టాకే స్విచ్ వేయాలి. 5 మిల్లీవాట్ల కిరణం అక్షికటకం గుండా కంట్లో పడితే రెటీనా దెబ్బతింటుంది.

ల్యాబ్‌లో ఇప్పుడు లాయిడ్ దర్పణం కూడా పెట్టారు. ఇందులో చీలిక, దర్పణంలో దాని ప్రతిబింబం రెండు జనకాలుగా పనిచేస్తాయి. వెనుక నల్ల రంగు పూసిన 5 మి.మీ. కిటికీ గాజు ముక్క, అదే చీలిక. చీలిక తప్పును గుర్తించడానికి ఇది మంచి పరీక్ష. ద్విపట్టకంలో చీలిక వెడల్పైతే పట్టీలన్నీ ఒకేసారి పోతాయి. లాయిడ్ దర్పణంలో చీలికా దాని ప్రతిబింబమూ ఎదురెదురు దిశల్లో కదులుతాయి కాబట్టి గాజును ఆనుకున్న మొదటి పట్టీలు నిలిచి, దూరపువి ముందుగా చెరుగుతాయి. చీలిక దర్పణ తలానికి 0.5 మి.మీ. ఎత్తున, 0.05 మి.మీ. వెడల్పున ఉంటే కనిపించేవి సుమారు పది. విద్యార్థి చీలిక స్క్రూను నెమ్మదిగా తెరుస్తూ దూరపు పట్టీలు ఒక్కొక్కటిగా చెరిగి గాజు వైపు వెనక్కి రావడం చూడవచ్చు. ఆ తర్వాత అదే చీలికతో ద్విపట్టకం బల్ల దగ్గరికి పంపుతున్నారు.